సద్దు చేయని ఫ్యాను

ఒక నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ఆ మౌనాన్ని రికార్డు చేసి పంపమని హొన్నూరప్పను అడిగినవాళ్ళు బెంగళూరు ఆఫీసువాళ్ళే. అంతకుముందు నలభై నాలుగేళ్ళ బతుకులో ఆయన దగ్గర ఎవరూ మౌనం అడగలేదు. అందరూ గొంతే అడిగారు.

మా రాయచెర్లులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆయన మైకు హొన్నూరప్ప. పుట్టింది గొర్రెలు మేపే ఇంట్లో. తండ్రి కాటయ్య మందను నిడుగల్లు కొండ దాకా తోలుకుపోయేవాడు. ఎనిమిదేళ్ళ హొన్నూరప్ప బండగుండు మీద నిలబడి అదిలిస్తే అవతలి వాలులో మేసే గొర్రెలు కూడా తలలెత్తి చూసేవని కాటయ్య ఇప్పటికీ చెబుతాడు. ఏడో తరగతితో బడి మానేసి, పావగడలో షామియానాలు, మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో చేరాడు. ఒకనాడు ఆటోలో ప్రచారం చెప్పే మనిషి జ్వరమొచ్చి రాలేదు. ఓనరు ఈయన చేతికి మైకు ఇచ్చాడు. ఆ మైకు మళ్ళీ ఇరవై ఏళ్ళకు గాని కింద పెట్టలేదు.

విత్తన శెనక్కాయలు వచ్చాయని, పోలియో చుక్కలు వేయించుకోమని, నాటకం ఉందని, ఫలానా వారి ఎనుము తప్పిపోయిందని, ఫలానా పెద్దమనిషి పోయాడని, అన్నీ ఆయన గొంతే. తెలుగులో మొదలుపెట్టి, మలుపులో కన్నడంలోకి దిగి, మళ్ళీ తెలుగులోకి ఎక్కేవాడు. ఏ ఊళ్ళో ఏ మాట వాడితే ముసలమ్మలు వాకిట్లోకి వస్తారో తెలుసు. చావు కబురు చెప్పేటప్పుడు ఆటోవాడితో బండి నిదానంగా తోలమనేవాడు. అది ఎవరూ నేర్పింది కాదు.

సోలార్ పార్కుకు భూములు లీజుకిచ్చే రైతుల మీటింగు ఉందని ఊరూరా చెప్పిందీ ఆయనే. అందులో ఆయనవి మూడెకరాలు. "నా భూమి పోయే కబురు నేనే మైకులో జెప్పుకున్న మొగోణ్ణి" అని నవ్వేవాడు. లీజు ఏటేటా వస్తుంది, రాదని అనను. కాని బీళ్ళు కంచెల లోపలికి పోయాయి. మేత లేక కాటయ్య మందను అమ్మేశాడు. ఒక కంబళ్ళ మూట, ముందు నడిచే పొట్టేలు మెడ గంట మిగుల్చుకున్నాడు.

తర్వాత మైకు కూడా పోయింది. ఒకసారి రికార్డు చేసిన మాటను పెన్ డ్రైవులో పెట్టి నెల పొడవునా తిప్పడం వచ్చింది. ఆ తర్వాత అదీ లేదు, అన్నీ ఫోన్లలోనే. హొన్నూరప్ప పార్కులో ఒక గేటు దగ్గర రాత్రి కాపలాకు కుదిరాడు. నేను అదే పార్కులో పగలు సోలార్ పలకలు కడుగుతాను. నీళ్ళ గొట్టం పట్టుకుని వరస వెంట నడవడమే పని. తెల్లారి నేను పోయేటప్పుడు ఆయన వచ్చేవాడు.

"ఏమన్నా, డ్యూటీ అయిపాయెనా?" అంటే, "అయిపాయె గిరీశా. రాత్రంతా ఎండను కాపలా కాసినా, ఎవుడూ ఎత్తకపాయె" అనేవాడు.

మొదట్లో నవ్వు వచ్చేది. తర్వాత ఆయన ఆ మాట అనడమూ మానేశాడు, వేరే మాటలూ మానేశాడు. అంత గొంతున్న మనిషి మూగవాడవడం నేను చూశాను. గేటు దగ్గర మాట్లాడటానికి ఎవరుంటారు? వెలుగొచ్చాక ఇంటికొచ్చి పడుకుంటాడు, పొద్దు దిగాక పోతాడు.

అందుకే ఫోనులో ఆ ప్రకటన చూసినప్పుడు ఆయన్ని అడగకుండానే పేరు పంపాను. బెంగళూరులో ఒక చిన్న ఆఫీసు. రైతు ఫోను చేస్తే పంటకు ఏ పురుగు పట్టింది, ఏ మందు కొట్టాలి, వాన ఎప్పుడు వస్తుంది అని గొంతు చెబుతుంది. సరిహద్దు పల్లెల తెలుగు మాట్లాడే మనిషి కావాలన్నారు. మొదట నూట నలభై పాఠాలు చదివివ్వాలి. నచ్చితే ప్రతి పంట కాలానికీ పని, ఇంటి దగ్గరే. అది దొరికితే ఆయన గేటు వదిలేస్తాడు, మళ్ళీ గొంతుతో బతుకుతాడు. ఆయనకున్నది ఆ ఒక్కటే.

ఫోనులో చదివి పంపింది వాళ్ళకు పనికిరాలేదు. సరైన మైకు, కంప్యూటరు ఉండాలన్నారు. అదే సమయానికి పార్కులో ఒక ఇంజనీరుకు బదిలీ అయింది. ఆయన తన చిన్న కంప్యూటరును, దానితో మైకును హొన్నూరప్పకు తక్కువలో ఇచ్చేసి పోయాడు. చిన్నదంటే నిజంగా చిన్నదే, చెప్పుల డబ్బా కంటే కొంచెం పెద్దది. హొన్నూరప్ప ఉన్నది ఒకే గది, పైన సిమెంటు రేకులు. అందులో ఒక మూల ఆయన భార్య భాగీరథమ్మ వదిన పొయ్యి, ఒక మూల కాటయ్య మంచం, మూడో మూల గూట్లో ఆ డబ్బా.

రెండో నమూనా విన్న ఆఫీసమ్మాయి చైత్ర ఫోను చేసింది. స్పీకరు పెట్టి అందరం విన్నాం.

"సార్, గొంతు చాలా బాగుంది. మా అందరికీ నచ్చింది. కానీ మీరు పంపిన ఒక నిమిషం మౌనం ఉంది కదా, దాంట్లో గుర్రుమని శబ్దం వస్తోంది. మౌనం శుభ్రంగా లేకపోతే మాట తీసుకోలేం. ఫ్యాన్ అనుకుంటా. ఏప్రిల్ ముప్పై లోపల మొత్తం ఇవ్వాలి. కుదురుతుందా?"

"కుదురుతాదమ్మా" అన్నాడు హొన్నూరప్ప, దేనికి కుదురుతాదన్నాడో తెలియకుండానే.

గుర్రుమనేది ప్రాసెసరు మీద ఉండే కూలరు. కంప్యూటరు పని చేస్తుంటే ప్రాసెసరు వేడెక్కుతుంది. ఆ వేడిని పలచని రేకుల దిమ్మె లాక్కుంటే, పైనున్న ఫ్యాను ఊది పారేస్తుంది. దీనికున్న ఫ్యాను అరచేతిలో సగం. చిన్న ఫ్యాను చాలినంత గాలి ఇవ్వాలంటే పిచ్చిపట్టినట్టు తిరగాలి. మా రేకుల కింద మధ్యాహ్నం రెండింటికి అది తిరగడం కాదు, ఏడ్చేది.

రాత్రి చల్లగా ఉన్నప్పుడు రికార్డు చేసుకోవచ్చు గదా అని మీరనవచ్చు. రాత్రి ఆయన గేటు దగ్గర ఉంటాడు. డబ్బాను బయట పెట్టి పొడుగు వైరు లాగవచ్చు గదా అనవచ్చు. లాగాం. వైరు పొడుగైతే మైకు మధ్యమధ్య తెగింది. బయట పెట్టిన పూట మా ఎదురింటి నల్లమ్మ మేక వచ్చి ఆ వైరునే నమిలింది. కాబట్టి పట్టపగలు, అదే గదిలో, ఆ వేడిలోనే మౌనం కావాలి.

పావగడలో కంప్యూటర్లు బాగుచేసే నాగేశ్ దుకాణానికి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో పోయాం.

"సద్దు చేయని ఫ్యానా?" అన్నాడు నాగేశ్, స్క్రూలు విప్పుతూ. "ఉండాదప్పా. కరెంటు పోయినప్పుడు ఏ ఫ్యానూ సద్దు చేయదు."

"ఎకసెక్కాలొద్దు నాగేశా" అన్నాడు హొన్నూరప్ప. "నా బతుకు దీంట్లో ఉండాది."

"బతుకు ఫ్యాన్ల యాడుంటాది మామా? పాటలు పెట్టుకునే మిషనుకు ఇంత యోచన ఎందుకు? నీళ్ళ కూలరు ఏసుకో. బెంగళూరులో పెద్ద పెద్దోళ్ళు అదే ఏస్తాండారు."

"నీళ్ళ కూలరా? మాకు తాగే నీళ్ళే ట్యాంకర్లో వస్తాండాయి. దీనికి యాడ తెచ్చేది?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాగేశ్ కూడా నవ్వి, పొడుగాటి పెట్టె ఒకటి దించాడు. లోపల జానెడు ఎత్తు కూలరు, రాగి గొట్టాలతో తళతళ మెరుస్తోంది. డబ్బా పక్కన పెడితే పాకలో ఏనుగును కట్టినట్టుంది.

"ఇది పడుతుందా?" అన్నాను.

"మూత తీసేస్తే పడతాది."

"మూత తీసి ఎండలో, దుమ్ములో పెట్టుకోవాలా?"

"నువ్వు గొట్టంతో పలకలు కడుగుతావు గదా, దీన్నీ కడుగు" అన్నాడు నాగేశ్.

వాడి దగ్గర మాకు కావలసింది లేదు. ఏం కావాలో మాకూ తెలియదు. ఆ రాత్రి నుంచి వారం రోజులు నేను అదే చదివాను. నాకు చదువు చెప్పిన పంతులు ఎవడూ లేడు. పీయూసీ ఫిజిక్సు పుస్తకం పాత కాగితాల కొట్లో తూకానికి కొన్నాను, మిగతాదంతా ఫోను. కూలర్ల గురించి లోకంలో ఎంతమంది ఎంత రాశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కాని అందరూ ఒక మాట కింద, చిన్న అక్షరాల్లో రాస్తారు: గది వేడి ఇరవై రెండు డిగ్రీలు. ఇరవై రెండు! మా దగ్గర అది మాఘమాసంలో తెల్లవారుజామున ఉంటుంది. హొన్నూరప్ప గదిలో ఏప్రిల్ మధ్యాహ్నం నలభై ఒకటి. ప్రాసెసరు వేడి వాళ్ళు అరవై అని రాసిన చోటల్లా నేను ఎనభై అని దిద్దుకుంటూ పోయాను. సగం కూలర్లు అక్కడే రాలిపోయాయి.

డబ్బాలో కూలరుకు ఎంత ఎత్తు చోటుందో తెలియాలి. స్కేలు లోపలికి దూరక అగ్గిపెట్టెతో కొలిచాం. నిలువుగా పెడితే మూత పడలేదు, అడ్డంగా నిలబెడితే పడి పైన ఇంకా వేలు సందు మిగిలింది. లెక్క వేస్తే నలభై ఎనిమిది మిల్లీమీటర్లు. అంత ఎత్తులో పట్టేవి మూడే తేలాయి. ఒకటి మరీ పొట్టిది, దాని ఫ్యాను మళ్ళీ చిన్నదే. ఒకటి అసలు ఫ్యానే లేని రేకుల దిమ్మె. పూర్తి మౌనం, కాని అది చల్లటి దేశాల వస్తువు. మూడోది నలభై ఏడు మిల్లీమీటర్లు, నాలుగు రాగి గొట్టాలు, దోసిలి వెడల్పు ఫ్యాను. పెద్ద ఫ్యాను నిదానంగా తిరిగినా చాలినంత గాలి ఇస్తుంది. నిదానంగా తిరిగితే అరవదు. అది తెప్పించాం.

బిగించిన రోజు పరీక్ష చేసింది కాటయ్య. మైకు కంటే ఆయన చెవి మంచిది. యాభై ఏళ్ళు చీకట్లో గొర్రె దగ్గుకూ పొట్టేలు దగ్గుకూ తేడా విన్న చెవి అది. మంచం మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. భాగీరథమ్మ వదిన పొయ్యి మీది చారు దించేసి గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది.

"ఏమన్నా ఇనపడతాండాదా నాయినా?" అన్నాడు హొన్నూరప్ప.

"ఉండు... ఇనపడతాండాది. తేనెటీగ పోతాండాది."

"ఈగ గాదు, అదే ఫ్యాను."

"ఏదైతే ఏందప్పా. తేనెటీగే."

ఫ్యానుకూ మూతకూ మధ్య ఒక్క మిల్లీమీటరే సందు. ఆ సందులోంచి దూరే గాలి ఈల వేస్తోంది. దాన్ని కనిపెట్టడానికి నాకు ఒక రోజు పట్టింది. దారి చూపింది భాగీరథమ్మ వదిన. "మూత తీసేసి జల్లెడ బోర్లిస్తే సరిపోదా? మేక మూతి పెట్టదు, గాలాడతాది" అంది. శెనక్కాయలు పట్టే పెద్ద కన్నాల ఇనుప జల్లెడ తెచ్చి బోర్లించింది. ఈల ఆగిపోయింది. వారం రోజులు నేను చదివిన దాంట్లో జల్లెడ ఎక్కడా లేదు.

తేనెటీగ మాత్రం ఇంకా ఉంది. ప్రాసెసరును సగం బలంతోనే పని చేసేలా అమర్చాను. పని ఆలస్యమవుతుంది గాని వేడి తగ్గుతుంది. ఫ్యానును ఇంకా నిదానం చేశాను. చివరికి గది మోతను చంపడానికి గోడలకూ తలుపుకూ కాటయ్య కంబళ్ళు వేలాడదీశాం. నల్ల గొర్రెల ఉన్ని కంబళ్ళు, ఇంకా మంద వాసన పోలేదు.

"ఎండాకాలం ఇన్ని కంబళ్ళు ఏందని ఊరోళ్ళు నవ్వుతారు" అన్నాడు హొన్నూరప్ప.

"నవ్వేవాళ్ళకు ఏం తెలుసు?" అన్నాడు కాటయ్య. "నేను ఇసాఖ మాసంలో నెత్తిన కంబళి లేకుండా మందెంబడి పోలేదు. కప్పుకుంటే లోపల సల్లగుంటాది."

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. చదివినవాణ్ణి గదా. "తాత చెప్పేది నిజమే" అన్నాను. "ఉన్నిలో గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి బయటి వేడిని లోపలికి రానివ్వదు. పుస్తకంలో కూడా ఇదే రాసినారు."

కాటయ్య ముఖం వెలిగింది. "చూడు, పుస్తకంలోకి ఎక్కినాను" అన్నాడు కోడలితో. వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు. లోపలి వేడిని బయటికి పోనివ్వదన్న రెండో సగం నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అప్పటికి కనపడలేదు.

మళ్ళీ పరీక్ష పెట్టాం. కాటయ్య చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి గూటి వైపు కంగారుగా చూశాడు.

"సచ్చిపాయెనా?"

"ఏంది నాయినా?"

"మిషను. ఉలుకూ పలుకూ లేదే."

హొన్నూరప్ప నవ్వాడు. అంత గట్టిగా నవ్వడం రెండేళ్ళ తర్వాత అదే విన్నాను. "సావలేదు నాయినా, నడుస్తాండాది. నోరు మాత్రం మూసుకునింది." కాటయ్య లేచి పోయి జల్లెడ మీద అరచెయ్యి ఆనించి, వెచ్చటి గాలి తగిలాకే నమ్మాడు.

ఆ ఒక నిమిషం మౌనం బెంగళూరు పోయింది. మర్నాడు చైత్ర ఫోను చేసింది. "సార్, ఇంత శుభ్రంగా ఎలా చేశారు? స్టూడియోకి వెళ్ళారా?" అంది. హొన్నూరప్ప జల్లెడ వైపు చూసి, "లేదమ్మా, ఇంట్లోనే" అన్నాడు.

తర్వాత పదమూడు రోజులు నేను చూసిన హొన్నూరప్ప వేరే మనిషి. తెల్లారి గేటు నుంచి వచ్చి, మూడు గంటలు పడుకుని, లేచి వేడి నీళ్ళతో పుక్కిలించి మైకు ముందు కూర్చునేవాడు. శెనక్కాయ ఆకు మీద మచ్చ గురించి చదువుతుంటే, ఆ మచ్చ పడిన రైతు ఎదురుగా నిలబడినట్టు చదివేవాడు. ఆఫీసువాళ్ళు రాసిచ్చిన మాట మా వాళ్ళకు అర్థం కాకపోతే చైత్రకు ఫోను చేసి మార్పించేవాడు. "రైతు సోదరులారా అని ఎవుడూ పిల్చడమ్మా. ఏమప్పా అని మొదులుపెడితే ఇంటారు" అనేవాడు. ఆమె ఒప్పుకునేది. నూట నలభై పాఠాలు ఇరవై ఎనిమిదో తేదీకి అయ్యాయి.

మిగిలింది పాఠాలన్నిటినీ శుభ్రం చేసి, ఆఫీసు అడిగిన రూపంలోకి మార్చడం. అది మిషను చేసుకునే పని. సగం బలంతో నడుస్తోంది కాబట్టి ఆరేడు గంటలు పడుతుంది. తర్వాత పెన్ డ్రైవులోకి ఎక్కించి, ఊళ్ళో నెట్టు చాలదు కాబట్టి పావగడ పోయి పంపాలి. ముందే ఒక కాపీ తీసుకోమంటావా అని హొన్నూరప్ప అడిగాడు. "ఎందుకన్నా, మార్చినాక అంతా ఒకేసారి తీద్దాం" అన్నది నేనే.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున గేటు నుంచి కబురు వచ్చింది. పగటి మనిషి రాలేదు, హొన్నూరప్పే ఉండాలి. రానంటే గేటు పోతుంది. ఇంకొక్క రోజు గడిస్తే గేటుతోనే పని లేదు, కాని ఆ ఒక్క రోజు అయ్యేదాకా గేటే దిక్కు. పొద్దున పదింటికి మిషనుకు పని పెట్టి బయలుదేరాడు. వదిన శెనక్కాయలు ఒలిచే కూలికి పోయింది. నేను పలకల దగ్గర ఉన్నాను.

"నాయినా, దీన్ని యాడికీ కదిలించొద్దు. వైర్లు ముట్టొద్దు. అప్పుడప్పుడు చెయ్యి పెట్టి చూస్తాండు. సూటి ఎక్కువై చెయ్యి కాలిందనుకో..." అని ఆగాడట హొన్నూరప్ప. తర్వాత ఏమి చేయాలో ఆయనకూ తెలియదు. "ఎక్కువ కాదులే. గిరీశ అన్నీ చూసినాడు" అని పోయాడట.

రేకులో ఒక మేకు కన్నం ఉంది. ఒంటిగంట దాటాక దానిలోంచి రూపాయి బిళ్ళంత ఎండ గూట్లోకి దిగుతుంది. మేము రోజూ అక్కడే ఉన్నా ఎప్పుడూ చూడలేదు, కాటయ్య చూశాడు. ఎండ నేరుగా జల్లెడ మీద పడుతోంది. చెయ్యి ఆనించాడు. అన్ని గంటల పనికి మిషను మామూలు కంటే వేడిగానే ఉండి ఉంటుంది. కదిలించకూడదు. వైరు ముట్టకూడదు. కొడుకు బతుకు దాంట్లో ఉందని తెలుసు. ఎండలో పడిన గొర్రెపిల్లకు ఆయన యాభై ఏళ్ళుగా ఏమి చేశాడో అదే చేశాడు. తలుపుకు వేలాడుతున్న కంబళి తీసి, రెండు మడతలు వేసి, జల్లెడను పైనుంచి కింద దాకా సందు లేకుండా కప్పాడు. కప్పి, మంచాన్ని దగ్గరికి లాక్కుని దాని పక్కనే కూర్చున్నాడు.

రెండున్నరకు పని దిగి నేను వచ్చేసరికి కాలిన ఉన్ని వాసన. కాటయ్య కంబళి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుని ఉన్నాడు.

"రా గిరీశప్పా. ఎండ పడతాండాదని కప్పినా. సల్లగా పండుకునింది."

కంబళి లాగేశాను. మామూలుగా అయితే వేడెక్కిన మిషను తనంతట తాను ఆగిపోతుంది, ఏమీ కాదు. కాని అడుగున ఉండే కరెంటు పెట్టె పాతది, ఆ వేడికి అది కాలింది. కాలుతూ కాలుతూ పాఠాలున్న డిస్కును కూడా తీసుకుపోయింది. ఈ సంగతి సాయంత్రం నాగేశ్ చెప్పాడు. ఈసారి వాడు ఎకసెక్కం చేయలేదు. డిస్కును అటూ ఇటూ తిప్పి చూసి, "బెంగళూరు పంపించి చూడొచ్చు మామా. నెల పడతాది. వస్తాదని చెప్పలేను" అన్నాడు.

హొన్నూరప్ప దుకాణం మెట్ల మీద కూర్చుని చైత్రకు ఫోను చేశాడు. పదిహేను రోజులు కావాలన్నాడు. మిషను కాలిందని చెప్పాడు గాని ఎలా కాలిందో చెప్పలేదు. ఆమె లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చింది. గొంతు మారిపోయి ఉంది. "సార్, ఒకటో తేదీ నుంచి లైను మొదలవుతోంది. ఇంకొకరి గొంతు సిద్ధంగా ఉందట. ఈసారి ఏదైనా పని ఉంటే తప్పకుండా మీకే చెబుతాను" అంది. మంచి పిల్ల. నిజంగానే అనుకుని ఉంటుంది. అది జరిగి ఏడు నెలలు అయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో హొన్నూరప్ప నాతో ఒక్క మాటే అన్నాడు. "కంబళి సంగతి నాయినతో ఎత్తొద్దు. మిషను పాతదైపోయి పాయెనని చెప్తా."

ఇంటికి పోయి అలాగే చెప్పాడు. కాటయ్య విన్నాడు. గోడలకున్న కంబళ్ళను కోడలు ఒక్కొక్కటే దించుతుంటే చూస్తూ కూర్చున్నాడు. "ముందు పాడు ఫ్యాను ఉన్నెప్పుడు సూటెక్కితే అరిసేది గదప్పా" అన్నాడు నాతో.

"అరిచేది తాతా."

"అరిసింటే తెలిసేది. పక్కనే కూసోనుంటి గదా. మూగజీవమైపాయె."

మేము నెల పాటు కష్టపడి దాని నోరు కట్టేశాం. ఎంత బాగా కట్టామంటే, పక్కన కూర్చున్న ఆ చెవికి కూడా అది చావడం వినపడలేదు.

ఇప్పుడు ఆ నంబరుకు ఫోను చేస్తే వేరే గొంతు మాట్లాడుతుంది. శుభ్రమైన గొంతు, ఏ ఊరిదో తెలియదు. "రైతు సోదరులారా" అని మొదలుపెడుతుంది. మా వాళ్ళు రెండు మాటలు విని పెట్టేస్తారు. హొన్నూరప్ప గేటు దగ్గరే ఉన్నాడు. తెల్లారి ఎదురైతే నేను పలకరిస్తాను, ఆయన తల ఊపుతాడు. కూలరుకు ఏమీ కాలేదు, మా ఇంట్లో ఉంది. నాగేశ్ సగం ధరకు అడిగాడు, ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు తెలియదు.

పోయిన వారం కాటయ్య కర్ర పొడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. మొలలోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. లోపల ఆ పొట్టేలు మెడ గంట.

"గిరీశప్పా, ఈసారి మిషను తెచ్చినప్పుడు దీన్ని కట్టేకి అయితాదా? సద్దు లేకుంటే పాయె, దానికేమన్నా అయితే ఇది మోగాల. చూడు, నువ్వు చదివినోడివి."

ఆయన గంటను పైకెత్తి ఒకసారి ఊపాడు. ఎదురింటి నల్లమ్మ మేకలు రెండూ మేత వదిలి తలలెత్తి చూశాయి.

"ఇనపడతాది గదా?"

"ఇనపడతాది తాతా" అన్నాను.

గంట నా చేతిలో పెట్టి పోయాడు. దాన్ని లోపలికి తీసుకుపోయి కూలరు పక్కన పెట్టాను.